తేట

రాపూరు దాటినాక రోడ్డు రెండుసార్లు మెలిక తిరిగి
కట్టకు తగులుకుంటుంది.
కొత్తవాళ్ళు కొండ అనుకుంటారు.
అంత పొడుగు కొండకు తల ఎందుకు అంత చదునుగా ఉందో
వాళ్ళకే తట్టేదాకా నేనేమీ చెప్పను.

ఇరవై ఆరేళ్ళుగా లస్కరు పని.
పొద్దున్నే కట్ట కాలి దగ్గరి ఊటకాలవలోకి దిగి
పంగలకర్రలా కోసిన ఇనపరేకు నోట్లోంచి
ఎన్ని అంగుళాల నీళ్ళు జారుతున్నాయో చూసి
చిట్టాలో రాయడం.
తర్వాత గాజుగ్లాసు ముంచి
సూర్యుడికి ఎత్తి పట్టడం.
ఈ రెండోది ఏ రూలు పుస్తకంలోనూ లేదు.
రిటైరై వెళ్ళేరోజు కోదండపాణి సారు చెప్పిపోయాడు:
"మట్టికట్ట అన్నాక కారకుండా ఉండదు, చెంగయ్యా.
ఎంత కారిందని కాదు,
ఏం తీసుకుని కారుతుందో చూడు.
తేటగా వస్తే కట్ట ఊపిరి తీస్తున్నట్టు.
కలకగా వస్తే
కట్టే లేచి నడిచిపోతున్నట్టు."

ఆయనకు నేను చెప్పని మాట ఒకటుంది.

ముంపుకు ముందే మా చేను పోయింది.
నీళ్ళింకా రాలేదు, టిప్పర్లొచ్చాయి.
ఎకరా డెబ్బై సెంట్ల రేగడి
నడుంలోతు తవ్వి ఎత్తుకుపోయి
కట్ట గుండెలో పోశారు.
గొర్రెకాళ్ళ రోలరు కింద జానెడేసి పొరలుగా
తడిపి తొక్కి, తడిపి తొక్కి,
పైన ఎర్రగరుసు చొక్కా తొడిగారు.
మా నాయన గట్టున కూర్చుని లోడ్లు లెక్కపెట్టాడు.
నాలుగువందల పదకొండు దాకా వచ్చి
బీడీ ముట్టించుకోడానికి తల తిప్పి
లెక్క తప్పాడు.

ఊళ్ళో అందరి చేలూ నీళ్ళకింద పడుకున్నాయి.
మాదొక్కటే నిలబడి ఉంది,
నీళ్ళను ఆపుకుంటా.

మొన్న కార్తీకంలో వాయుగుండం.
మూడు రోజులు వెలిగొండలు కనబడలేదు.
నాలుగో రాత్రి రెండుంబావుకు
రేకు నోట్లో నీళ్ళు వేలెడు పెరిగాయి.
గ్లాసు ముంచాను. టార్చి వేశాను.
కలక.

జీపులొచ్చాయి. ఇసకమూటలొచ్చాయి.
కొత్తగా వచ్చిన డీఈ అమ్మ మోకాళ్ళదాకా బురదతో
ఫోన్లో "సార్, సార్" అంటా ఉంది.
కింద ఊళ్ళకు టముకు వేయించాలా, వద్దా.

యానాది సంగం నుంచి పోలమ్మను పిలిపించారు
పందికొక్కు బొరియలేమన్నా ఉన్నాయేమో చూడమని.
ఆ వానలో వాలుమీద బోర్లా పడుకుని
చెవి ఆనించింది. కాస్త జరిగి మళ్ళీ ఆనించింది.
అట్లా ఎంతసేపో.
"కొక్కు లేదు సామీ. ఉంటే మట్టి గుల్లగా పలుకుద్ది."

నేను గ్లాసు అడుగున దిగినదాన్ని
వేలితో తీసి నాలిక్కి రాసుకున్నాను.
గరుకు. పలుకులు పలుకులుగా.
టార్చి వెలుగులో ఎరుపు.
చొక్కా మట్టి, వాన కడిగింది.
మా రేగడి అట్లా ఉండదు.
పళ్ళ మధ్య వెన్నలాగా జారుద్ది, చివర్లో కొంచెం ఉప్పన.
అమ్మ దాంతో నా తల రుద్దేది;
రుద్దగా మిగిలింది నేను చాటుగా తినేవాణ్ణి.

"గుండె కదల్లేదమ్మా," అన్నాను.
"ఎట్లా చెప్తున్నావ్?"
ఆమె రిపోర్టులో ఏదో ఒకటి రాయాలి.
"రంగును బట్టి," అన్నాను.
అదే రాసుకుంది.
ఇసకమూటలు మాత్రం తెల్లారేదాకా వేస్తానే ఉన్నాం.

పదింటికి రేకు నోరు తగ్గింది.
పోలమ్మ కూలికి వోచరు మీద వేలిముద్ర వేయించారు,
నీలం సిరాలో ఎర్రమట్టి కలిసి
గీతలు కనబడలేదని మళ్ళీ వేయించారు.

ఈ నీళ్ళు కాలవెక్కి మద్రాసు పోతాయి.
అక్కడెవరో కొళాయి తిప్పి గ్లాసు నింపుకుని
వెలుగుకు ఎత్తి చూడకుండానే తాగుతారు.
తాగనీ.

నేను చూస్తాను.
ఏదో ఒకరోజు గ్లాసులో నలుపు కనబడితే
ఈల ఊదాలని తెలుసు, పరిగెత్తాలని తెలుసు.
దానికి ముందు ఒక్క క్షణం
గుర్తుపట్టి పలకరిస్తానేమో,
అదే భయం.